‘మంజూరైంది’ అంటే డబ్బు వచ్చినట్టేనా? మైనార్టీ విద్యా పథకాల నివేదికను చదివే పద్ధతి

ప్రతి ఏటా నవంబర్ 11న మౌలానా అబుల్ కలాం ఆజాద్ జయంతి. జాతీయ విద్యా దినోత్సవం, మైనార్టీల సంక్షేమ దినోత్సవం రెండూ ఆ రోజే జరుపుకుంటారు. జిల్లా కేంద్రంలో కలెక్టరేట్ హాల్లోనో, ఉర్దూ ఘర్‌లోనో, లేకపోతే ఏదైనా షాదీఖానాలోనో సభ పెడతారు. మౌలానా చిత్రపటానికి పూలమాల వేస్తారు. గురుకులం పిల్లలు తరానా పాడతారు. తర్వాత జిల్లా మైనార్టీ సంక్షేమ అధికారి లేచి ఆ ఏడాది ప్రగతి చదువుతారు. ఇంతమందికి ఫీజు రీయింబర్స్‌మెంట్ మంజూరు, ఇంతమంది విదేశీ విద్యకు ఎంపిక, గురుకులాల్లో ఇన్ని సీట్లు భర్తీ. చప్పట్లు పడతాయి. మర్నాడు పేపర్లో జిల్లా పేజీలో ఫొటోతో సహా వస్తుంది.

సభ అయిపోయి అధికారి కారెక్కే లోపు ఎవరో ఒక తండ్రి అడ్డం వస్తాడు. "సార్, శాంక్షన్ అయిందని మీరే అన్నరు గదా. మరి కాలేజోళ్లు మా బిడ్డ టీసీ ఎందుకిస్తలేరు? ముందు బాకీ కట్టుమంటున్నరు." ఇది ఫలానా జిల్లా ప్రశ్న కాదు. తెలంగాణలో ఏ జిల్లాకు వెళ్లినా వినిపించేదే.

తమాషా ఏమిటంటే ఇక్కడ ఎవరూ అబద్ధం చెప్పడం లేదు. అధికారి చదివిన కాగితంలో మంజూరైన మాట నిజం. కాలేజీకి పైసా రాలేదన్న మాటా నిజమే. సర్కారు లెక్కల్లో ‘మంజూరు’ అనే మాటకూ, బ్యాంకులో ‘జమ’ అనే మాటకూ మధ్య చాలా మెట్లున్నాయి. ఆ మెట్లేమిటో మనవాళ్లలో చాలామందికి ఎవరూ విడమర్చి చెప్పలేదు. అందుకే సభలో చప్పట్లు కొట్టి, బయట గొడవ పడతారు.

ఇది చిన్న విషయం కాదు. దేశవ్యాప్త ఉన్నత విద్యా సర్వే 2020-21 నివేదికలో ముస్లిం విద్యార్థుల సంఖ్య అంతకుముందు ఏడాది కంటే సుమారు 1.79 లక్షలు తగ్గింది. అదే ఏడాది ఎస్సీ, ఎస్టీ, ఓబీసీ విద్యార్థుల సంఖ్య పెరిగింది. 2011 జనాభా లెక్కల ప్రకారం దేశంలో ముస్లింలు 14.2 శాతం. కాలేజీలు, యూనివర్సిటీల్లో చదివేవాళ్లలో వాళ్ల వాటా 4.6 శాతమే. కరోనా ఏడాది కావడం ఒక కారణం కావచ్చు. కానీ ఆటో నడిపే ఇంట్లో, టైలరింగ్ షాపు ఇంట్లో పిల్ల డిగ్రీ రెండో ఏడాదికి వెళ్తుందా, ఇంట్లో కూర్చుంటుందా అన్నది చాలాసార్లు ఆ ఇరవై ముప్పై వేల ఫీజు దగ్గరే తేలుతుంది.

ఒకే డబ్బు, నాలుగు పేర్లు

ఫీజు రీయింబర్స్‌మెంట్ ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2008-09 నుంచి పెద్ద ఎత్తున మొదలైంది. తెలంగాణలో ఇప్పుడు ఇది ఈ-పాస్ అనే ఆన్‌లైన్ వ్యవస్థ ద్వారా నడుస్తోంది. ఇందులో రెండు రకాల డబ్బు ఉంటుంది. ఆర్‌టీఎఫ్ అంటే ట్యూషన్ ఫీజు, ఇది కాలేజీ ఖాతాకు పోతుంది. ఎంటీఎఫ్ అంటే విద్యార్థి ఖర్చులకు ఇచ్చే స్కాలర్‌షిప్, ఇది విద్యార్థి బ్యాంకు ఖాతాకు వస్తుంది. చాలామంది పేరెంట్స్ రెంటినీ కలిపి ‘స్కాలర్‌షిప్’ అనేస్తారు. "మా అకౌంట్లో చిన్న మొత్తమే పడింది, మిగతాది ఎవరు తిన్నారు" అనే అనుమానం అక్కడే పుడుతుంది. ఫీజు మొత్తం అసలు వాళ్ల అకౌంట్‌కు రాదు.

ఒక ఉదాహరణ అనుకుందాం. ఒక అమ్మాయి దోస్త్ ద్వారా ప్రైవేటు కాలేజీలో బీకాం సీటు తెచ్చుకుంది. ఫీజు ఏడాదికి 20 వేలు అనుకుంటే మూడేళ్లకు 60 వేలు. ఆమె మీ-సేవకు వెళ్లి వేలిముద్ర వేసి, ఈ-పాస్‌లో దరఖాస్తు పెట్టింది. ప్రింటు తీసి, ఆదాయ ధ్రువీకరణ పత్రం, టెన్త్ మెమో, బ్యాంకు పాస్‌బుక్ జిరాక్సులు జత చేసి కాలేజీలో ఇచ్చింది. కాలేజీ ఆ వివరాలు సరిచూసి ఆన్‌లైన్‌లో ముందుకు పంపాలి. అక్కడి నుంచి ఫైలు జిల్లా సంక్షేమ కార్యాలయానికి వస్తుంది. అధికారి పరిశీలించి ‘శాంక్షన్’ కొడతారు.

ఇదీ మంజూరు అంటే. ‘ఈ విద్యార్థికి ఈ డబ్బు పొందే అర్హత ఉంది’ అని సర్కారు ఒప్పుకోవడం. అంతవరకే. దీన్ని ఉద్దెర చీటీతో పోల్చవచ్చు. కిరాణా కొట్టు వాడు చీటీ రాశాడు కాబట్టి బాకీ ఉన్నట్టు తేలింది, చేతికి రూపాయి రాలేదు.

తర్వాతది విడుదల. రాష్ట్ర బడ్జెట్‌లో కేటాయించిన మొత్తంలోంచి ఆర్థిక శాఖ కొంత కొంతగా ఖర్చుకు అనుమతి ఇస్తుంది. ఆఫీసు భాషలో దీన్ని బడ్జెట్ రిలీజ్ ఆర్డర్ అంటారు. పేపర్లో ‘నిధులు విడుదల’ అని వచ్చేది ఎక్కువసార్లు ఇదే. ఇక్కడ కూడా డబ్బు కదలదు, ఖర్చు పెట్టుకోవడానికి అధికారం వస్తుంది.

మూడోది టోకెన్. జిల్లా కార్యాలయం బిల్లు తయారుచేసి ఖజానాకు, అంటే ట్రెజరీకి పంపిస్తే, వాళ్లు ఒక నంబరు ఇస్తారు. బిల్లు లైన్లో నిలబడిందని అర్థం. తెలంగాణలో ఫీజు బకాయిల మీద కొన్నేళ్లుగా జరుగుతున్న గొడవ ఎక్కువగా ఈ మెట్టు దగ్గరే. టోకెన్లు ఇచ్చారు, డబ్బు ఇవ్వలేదు అని కాలేజీ యాజమాన్యాలు అంటుంటే, టోకెన్లు ఇచ్చాం కదా అని సర్కారు అంటుంది. 2024 అక్టోబర్‌లో ప్రైవేటు డిగ్రీ, పీజీ కాలేజీలు బంద్ పెట్టాయి. 2025లో సెప్టెంబర్‌లో ఒకసారి, నవంబర్‌లో మరోసారి వృత్తివిద్యా కాలేజీలు తాళాలు వేశాయి. మంత్రులు పిలిచి మాట్లాడాక, కొంత ఇస్తామన్నాక తెరిచాయి.

నాలుగోది జమ. ఇది ఒక్కటే అసలు డబ్బు. కాలేజీ ఖాతాలో పడిన తేదీ, మొత్తం.

ఇప్పుడు ప్రగతి నివేదిక మళ్లీ చదవండి. ‘ఇన్ని వేల మందికి ఇన్ని కోట్లు మంజూరు’ అన్న వాక్యం ఈ నాలుగు మెట్లలో మొదటి మెట్టు గురించి మాత్రమే చెబుతోంది. జిల్లా అధికారి చేతిలో ఉన్నదీ దాదాపు అంతే. దరఖాస్తులు సకాలంలో పరిశీలించడం, శాంక్షన్ చేయడం, బిల్లు పెట్టడం ఆయన పని. డబ్బు ఎప్పుడు కదలాలన్నది హైదరాబాద్‌లో ఆర్థిక శాఖ తేల్చే విషయం. కారు దగ్గర అడ్డం పడ్డ తండ్రికి ఈ మాట సూటిగా చెబితే సగం కోపం తగ్గుతుంది. కానీ ఏ అధికారి మైకులో ఆ మాట అనగలడు?

బడ్జెట్ అంకెల సంగతీ ఇంతే. తెలంగాణలో మైనార్టీ సంక్షేమానికి 2024-25 బడ్జెట్‌లో 3,003 కోట్లు, 2025-26లో 3,591 కోట్లు చూపించారు. పెరిగిన మాట నిజమే. అయితే ఇవి అంచనాలు. బడ్జెట్ పుస్తకంలో మూడు రకాల అంకెలుంటాయి. వచ్చే ఏడాది అంచనా, నడుస్తున్న ఏడాది సవరించిన అంచనా, రెండేళ్ల కిందటి వాస్తవ ఖర్చు. పత్రికా సమావేశాల్లో మొదటిది మాత్రమే చెబుతారు. మన సంఘాల నాయకులు కూడా మొదటిది పట్టుకునే అభినందన సభలు పెడతారు, లేదా ధర్నాలు చేస్తారు. మూడో అంకె చూసి మాట్లాడేవాళ్లు తక్కువ. మార్చి 31 దాటితే ఆ ఏడాది కేటాయింపు గడువు అయిపోతుంది. అప్పటికి ఖర్చు కాని డబ్బు మనకోసం అట్టే ఉండిపోదు, కొత్త బడ్జెట్‌లో మళ్లీ చోటు దొరకాల్సిందే.

సర్టిఫికెట్ల తాళం

డబ్బు ఆలస్యమైతే దెబ్బ ఎవరి మీద పడుతుంది? కాలేజీ లెక్చరర్ల జీతం మీద కొంత పడుతుంది, అది కాదనలేం. చిన్న కాలేజీలు నిజంగానే అప్పుల్లో ఉన్నాయి. చివరికి మాత్రం భారం విద్యార్థి మీదికే వస్తుంది. కోర్సు అయిపోయిన రోజు టీసీ, మెమోలు అడిగితే, ‘మీ ఆర్‌టీఎఫ్ ఇంకా రాలేదు, మీరు కట్టి తీసుకెళ్లండి, వచ్చాక తిరిగి ఇస్తాం’ అంటారు. పైన చెప్పిన అమ్మాయికి ఎంబీఏ సీటొచ్చింది అనుకుందాం. ఒరిజినల్స్ లేకపోతే రిపోర్టింగ్ కుదరదు. గడువు నాలుగైదు రోజులు. ఇంట్లో అమ్మీ మెడలోని గొలుసు తాకట్టుకు పోయేది ఆ నాలుగైదు రోజుల్లోనే.

ఒరిజినల్ సర్టిఫికెట్లు పట్టుకుని ఫీజు వసూలు చేయకూడదని యూజీసీ 2018 అక్టోబర్‌లోనే నోటిఫికేషన్ ఇచ్చింది. అడ్మిషన్ సమయంలో చూసి, సరిపోల్చి, తిరిగి ఇచ్చేయాలి. ఇది డిగ్రీ, పీజీ స్థాయికి వర్తిస్తుంది. ఈ సంగతి కాలేజీ ఆఫీసుకు తెలుసు. మన పిల్లలకే తెలియదు. నోటిమాటగా అడిగితే ‘తర్వాత రా’ అంటారు. అదే కాగితం మీద రాసి, నకలు మీద స్టాంపు వేయించుకుని, ఒక ప్రతి యూనివర్సిటీ రిజిస్ట్రార్‌కు, ఒకటి జిల్లా సంక్షేమ అధికారికి పంపితే మాట తీరు మారుతుంది. అన్నిచోట్లా వెంటనే పని అవుతుందని కాదు. కానీ రాతలో ఉన్న దరఖాస్తుకు ‘ఇవ్వం’ అని రాతలో జవాబు ఇవ్వడానికి ఏ ప్రిన్సిపాల్ అయినా ఆలోచిస్తాడు.

ఆంధ్రప్రదేశ్‌లో ఇదే సమస్యకు 2020లో వేరే దారి పట్టారు. విద్యా దీవెన పేరుతో ఫీజు డబ్బు తల్లి ఖాతాలో వేసి, ఆమె కాలేజీకి కట్టేలా చేశారు. తల్లులకు ఒక మర్యాద దక్కింది, కాలేజీని నిలదీసే వీలు వచ్చింది. డబ్బు ఆలస్యమైనప్పుడు మాత్రం కాలేజీ నేరుగా ఆ తల్లినే పట్టుకుంది. 2024లో ప్రభుత్వం మారాక మళ్లీ కాలేజీ ఖాతాల పద్ధతి వైపే మళ్లారు. ఏ ఖాతాలో వేస్తున్నారన్న దానికంటే ఏ నెలలో వేస్తున్నారన్నదే పెద్ద ప్రశ్న అని రెండు రాష్ట్రాల అనుభవం చూస్తే అర్థమవుతుంది.

మొహమ్మద్, ఎండీ, మహ్మద్: ఒక్కడే అబ్బాయి

సర్కారు ఆలస్యం ఒక పక్క. అసలు మొదటి మెట్టు దగ్గరే ఆగిపోయే దరఖాస్తులు ఇంకో పక్క. వీటిలో మన ఇళ్లకు ప్రత్యేకమైన తంటా ఒకటుంది, పేరు.

టెన్త్ మెమోలో ‘ఎండీ’ అని ఉంటుంది, ఎందుకంటే స్కూల్లో చేర్పించినప్పుడు టీచర్ అలా రాసుకున్నారు. ఆధార్‌లో ‘మొహమ్మద్’ అని ఉంటుంది. బ్యాంకు పాస్‌బుక్‌లో ‘మహ్మద్’. తండ్రి రేషన్ కార్డులో ‘షేక్’కు ఒక స్పెల్లింగ్, కొడుకు మెమోలో ఇంకో స్పెల్లింగ్. అమ్మాయిల పేర్ల చివర ‘బేగం’ ఒక కార్డులో ఉంటుంది, ఒక కార్డులో ఉండదు. ఒక చోట ఫాతిమా పేరు ముందుంటే, ఇంకో చోట ఇంటిపేరు ముందు. మనిషి చూస్తే ఒక్కడేనని తెలుస్తుంది. కంప్యూటర్‌కు మాత్రం ముగ్గురు మనుషులు.

ఈ-పాస్ దరఖాస్తులో టెన్త్ వివరాలు, ఆధార్ వివరాలు ఒకదానితో ఒకటి సరిపోవాలి. తేడా ఉంటే దరఖాస్తు ఆగుతుంది, లేదా ‘పెండింగ్’లో పడుతుంది. చాలామంది దీన్ని ఇంటర్ అడ్మిషన్ అయ్యాక, ఆఖరి తేదీకి వారం ముందు చూసుకుంటారు. అప్పుడు ఆధార్ సెంటర్లో లైన్లు, మీ-సేవలో సర్వర్ డౌన్. టెన్త్ మెమోలో పేరు మార్చుకోవడం పెద్ద పని, ఆధార్‌లో మార్చుకోవడం దానికంటే చాలా తేలిక. కాబట్టి మెమోను ఆధారం చేసుకుని మిగతా కార్డులన్నీ దాని ప్రకారం దిద్దించుకోవడమే మేలు. అది కూడా పిల్ల తొమ్మిదో తరగతిలో ఉండగానే. పరీక్ష ఫీజు కట్టేటప్పుడు స్కూల్లో పంపే నామినల్ రోల్‌లో పేరు ఎలా రాశారో ఒకసారి చూస్తే ముందుముందు సగం తిప్పలు తప్పుతాయి. అబ్బా సంతకం పెట్టే ముందు ఆ ఒక్క లైను చదవాలి.

రెండో చిక్కు బ్యాంకు. ‘ఆధార్ లింక్ అయింది’ అని బ్యాంకు వాళ్లు చెబితే సరిపోదు. ఖాతాకు ఆధార్ నంబరు జత చేయడం ఒకటి, సర్కారు డబ్బు పడటానికి ఆ ఖాతాను ఎన్‌పీసీఐలో మ్యాప్ చేయడం ఇంకొకటి. రెండోదాన్ని సీడింగ్ అంటారు. మనిషికి నాలుగు ఖాతాలు ఉండొచ్చు, సీడింగ్ మాత్రం ఒక్కదానికే ఉంటుంది, చివరిసారి ఏ బ్యాంకులో చేయించారో దానికే. ఎప్పుడో గ్యాస్ సబ్సిడీ కోసం తెరిచి మరిచిపోయిన ఖాతాలో స్కాలర్‌షిప్ పడి ఉన్న కేసులు ఇలాంటివే. ఆధార్ వెబ్‌సైట్‌లో బ్యాంక్ సీడింగ్ స్టేటస్ చూసుకుంటే ఏ బ్యాంకో రెండు నిమిషాల్లో తెలుస్తుంది.

ఇంత కట్టుదిట్టం ఎందుకంటే, దానికీ ఒక కారణం ఉంది. 2023లో కేంద్ర మైనార్టీ వ్యవహారాల శాఖ 1,572 విద్యాసంస్థలను తనిఖీ చేయిస్తే 830 చోట్ల బోగస్ లబ్ధిదారులు బయటపడ్డారు. 144 కోట్లకు పైగా నష్టమని తేల్చి కేసు సీబీఐకి ఇచ్చారు. పేద పిల్లల పేరు మీద ఎవరో తిన్నారు. ఆ తర్వాత వేలిముద్రలు, తనిఖీలు ఇంకా బిగిశాయి. తిన్నవాడు ఒకడు, లైన్లో నిలబడేది ఇంకొకడు.

అర్హత దగ్గర కూడా కొన్ని మాటలు ముందే తెలిసి ఉండాలి. తెలంగాణలో మైనార్టీ విద్యార్థులకు కుటుంబ వార్షికాదాయం గ్రామాల్లో లక్షన్నర, పట్టణాల్లో రెండు లక్షలు దాటకూడదు. కన్వీనర్ కోటాలో సీటు రావాలి. మేనేజ్‌మెంట్ కోటాకు, స్పాట్ అడ్మిషన్‌కు వర్తించదు. ఏజెంట్ మాటలు నమ్మి ‘ఎట్లాగూ రీయింబర్స్‌మెంట్ వస్తుంది’ అని మేనేజ్‌మెంట్ సీట్లో చేరినవాళ్లు ఎంత తిరిగినా లాభం లేదు. హాజరు 75 శాతం ఉండాలి. ఇంజినీరింగ్‌లో ప్రవేశ పరీక్ష ర్యాంకు పది వేల లోపు అయితే కాలేజీకి నిర్ణయించిన ఫీజు పూర్తిగా ఇస్తారు. ర్యాంకు దాటితే 35 వేల వరకే, మిగతాది ఇంట్లోంచి కట్టాలి. ప్రతి ఏడాది రెన్యువల్ చేయించుకోవాలి. మొదటి ఏడాది శాంక్షన్ అయింది కదా అని ఊరుకుంటే రెండో ఏడాది లెక్కలో పేరే ఉండదు.

ఇంకో గందరగోళం బీసీ-ఈ. 2007 చట్టం ప్రకారం వచ్చిన 4 శాతం రిజర్వేషన్ ముస్లింలలో 14 వర్గాలకు సంబంధించింది. సయ్యద్, పఠాన్, మొఘల్ లాంటి వర్గాలు అందులో లేవు. అది సీటుకు, ఉద్యోగానికి సంబంధించిన విషయం. ఫీజు పథకానికి మైనార్టీ అయి ఉండటం, ఆదాయ పరిమితి లోపు ఉండటం చూస్తారు. ‘మాకు బీసీ-ఈ రాదు కాబట్టి స్కాలర్‌షిప్ కూడా రాదు’ అనుకుని దరఖాస్తే పెట్టని సయ్యద్, పఠాన్ ఇళ్లు ఉన్నాయి. అది పొరపాటు.

విదేశీ విద్య: ముందు అప్పు, తర్వాత సాయం

ప్రగతి నివేదికలో బాగా మెరిసే అంశం ముఖ్యమంత్రి విదేశీ విద్యా పథకం. తెలంగాణలో మైనార్టీలకు 2015లో 10 లక్షలతో మొదలై, తర్వాత 20 లక్షలైంది. విమాన టికెట్‌కు వేరేగా ఇస్తారు. కుటుంబ ఆదాయం ఐదు లక్షల లోపు, డిగ్రీలో 60 శాతం మార్కులు, ఐఈఎల్‌టీఎస్ లేదా టోఫెల్, కొన్నింటికి జీఆర్‌ఈ. నిజంగా మంచి పథకం. అమెరికా, బ్రిటన్ యూనివర్సిటీల్లోకి పాతబస్తీ నుంచి, జిల్లాల నుంచి పిల్లలు వెళ్లగలిగారు.

కానీ ‘ఎంపిక’ అన్న మాటను కూడా విడదీసి చూడాలి. డబ్బు రెండు విడతలు. మొదటి 10 లక్షలు ఆ దేశంలో దిగినట్టు ఇమిగ్రేషన్ ఆధారాలు చూపించాక, రెండో 10 లక్షలు మొదటి సెమిస్టర్ ఫలితాలు పంపాక. అంటే వీసా కోసం బ్యాంకులో చూపించాల్సిన డబ్బు, మొదటి ఫీజు, టికెట్టు అన్నీ ఇంటివాళ్లు ముందే సర్దాలి. ఎంపిక జాబితా వచ్చే నాటికి పిల్లవాడు అక్కడ సగం సెమిస్టర్ చదివేసి ఉంటాడు. కాబట్టి ఇది ముందుగా చేతికిచ్చే సాయం కాదు, చేసిన అప్పు తీర్చుకోవడానికి తర్వాత ఇచ్చే సాయం.

లెక్క వేసి చూద్దాం. రెండో విడత 10 లక్షలు ఏడాది ఆలస్యమైందనుకోండి. ఆ మేరకు ఎడ్యుకేషన్ లోన్ మీద 11 శాతం వడ్డీ అనుకుంటే 1,10,000 రూపాయలు అదనంగా పోతుంది. నివేదికలో 20 లక్షలు అని ఉంటుంది, ఇంటికి చేరేటప్పటికి విలువలో అది 20 లక్షలు కాదు. ఈ పథకం నమ్ముకుని ఇల్లు తాకట్టు పెట్టే ముందు, ‘వస్తే సంతోషం, ఏడాది రాకపోయినా కిస్తీ కట్టగలమా?’ అని ఇంట్లో కూర్చుని మాట్లాడుకోవాలి. గతంలో కేంద్రం ఇలాంటి అప్పుల మీద వడ్డీ సాయం చేసే పఢో పర్‌దేశ్ పథకం నడిపేది. 2022-23 నుంచి అది ఆగిపోయింది.

ఆగిపోయినవి, అద్దెలో ఉన్నవి

కేంద్రం ఆపినవి ఇంకా ఉన్నాయి. ఒకటి నుంచి ఎనిమిదో తరగతి వరకు మైనార్టీ ప్రీ-మెట్రిక్ స్కాలర్‌షిప్ 2022-23 నుంచి లేదు, తొమ్మిది, పదో తరగతులకే పరిమితం చేశారు. ఎనిమిదో తరగతి వరకు ఉచిత విద్యా హక్కు చట్టం ఉంది కదా అన్నది కేంద్రం వాదన. చిన్న తరగతుల డే స్కాలర్‌కు ఏడాదికి వెయ్యి రూపాయలే వచ్చేది. పెద్ద మొత్తమేమీ కాదు. కానీ ఆ వెయ్యి కోసం తల్లి ప్రతి ఏడాది స్కూలు గడప తొక్కేది, పిల్ల పేరు రిజిస్టర్‌లో ఉండేలా చూసుకునేది. పరిశోధక విద్యార్థుల మౌలానా ఆజాద్ ఫెలోషిప్ కూడా 2022-23 నుంచే నిలిపేశారు. ఇప్పటికీ మీ-సేవల దగ్గర ‘ఐదో తరగతి పాపకు స్కాలర్‌షిప్ ఫారం’ అని డబ్బు తీసుకుని నింపే బ్రోకర్లు తగులుతారు. అలాంటి కేంద్ర పథకం ఇప్పుడు లేదు.

మైనార్టీ గురుకులాలు తెలంగాణ చేసిన పనుల్లో గట్టిగా నిలబడింది. 2016లో 71 స్కూళ్లతో మొదలై రెండేళ్లలో 204కు చేరాయి. 75 శాతం సీట్లు మైనార్టీలకు, 25 శాతం ఇతరులకు. ఇంగ్లిష్ మీడియం, ఉర్దూ చదువుకునే వీలు, ఆడపిల్లలకు వేరే స్కూళ్లు ఉండటంతో, కోఎడ్యుకేషన్ వద్దనుకునే ఇళ్లు కూడా పంపించాయి. దాదాపు ఖర్చు లేకుండా ఇంటర్ దాకా చదివిన అమ్మాయిలు ఈ రోజు ఇంజినీరింగ్, నర్సింగ్ సీట్లలో ఉన్నారు. అయితే చాలా స్కూళ్లు అద్దె భవనాల్లోనే నడుస్తున్నాయి. 2024 అక్టోబర్‌లో దసరా సెలవులు అయ్యి తెరిచే రోజున, నెలల తరబడి అద్దె రాలేదని పలు చోట్ల గురుకుల భవనాల యజమానులు గేట్లకు తాళాలు వేశారు. టీచర్లు, పిల్లలు పెట్టెలతో బయట నిలబడ్డారు. ‘ఇన్ని సీట్లు భర్తీ’ అన్న లైను పక్కన ‘ఇన్ని నెలల అద్దె బాకీ’ అన్న లైను కూడా ఉంటే, పేరెంట్స్‌కు స్కూలు పరిస్థితి తెలిసేది.

సభలో ఏం అడగాలి

అధికారిని నిలదీయడం కోసం కాదు, విషయం తెలుసుకోవడం కోసం అడగాలి. మసీదు కమిటీ పెద్దలో, యువజన సంఘం కుర్రాళ్లో, రిటైర్డ్ టీచర్ సాబో ఒకరు కాగితం మీద రాసుకుని వెళ్తే చాలు. ‘మంజూరు ఎంత?’ అని కాదు, అది ఎలాగూ చెబుతారు. ‘ఏ విద్యా సంవత్సరం వరకు జమ అయింది?’ అని అడగాలి. ఈ ఒక్క ప్రశ్నకు జవాబు వస్తే మిగతావన్నీ అర్థమైపోతాయి. కాలేజీల నుంచి ఇంకా జిల్లా ఆఫీసుకు రాని దరఖాస్తులు ఎన్ని, అవి ఏ కాలేజీలవి అన్నది రెండో ప్రశ్న. ఎందుకంటే విద్యార్థి అన్నీ ఇచ్చినా కాలేజీ క్లర్కు లాగిన్‌లోనే నెలల కొద్దీ పడి ఉండే ఫైళ్లు చాలా ఉంటాయి. వాటిని కదిలించడం జిల్లా అధికారి చేతిలో ఉన్న పనే, దానికి ఆర్థిక శాఖ అక్కర్లేదు. పేరు తేడాల వల్ల ఆగినవి ఎన్ని అని కూడా అడగొచ్చు. ఆ సంఖ్య తెలిస్తే మొహల్లాలో ఒక ఆదివారం క్యాంపు పెట్టి సగం సరిచేయించవచ్చు.

సభలో జవాబు రాకపోతే సమాచార హక్కు దరఖాస్తు ఉంది. జిల్లా కార్యాలయానికి ఫీజు పది రూపాయలు, తెల్ల రేషన్ కార్డు ఉన్నవాళ్లకు అదీ లేదు. తెలుగులోనే రాయొచ్చు. ‘ఫలానా విద్యా సంవత్సరానికి మా జిల్లాలో మైనార్టీ విద్యార్థుల ఆర్‌టీఎఫ్ కింద మంజూరైన మొత్తం, ఖజానాకు పంపిన బిల్లుల మొత్తం, టోకెన్ వచ్చిన మొత్తం, కాలేజీల ఖాతాల్లో జమ అయిన మొత్తం, కాలేజీల వారీగా ఇవ్వగలరు’ అని నాలుగు అంకెలు విడివిడిగా అడగాలి. కలిపి అడిగితే కలిపే చెబుతారు. 30 రోజుల్లో జవాబు రావాలి. రాకపోతే ఆ తర్వాత 30 రోజుల లోపు అదే శాఖలోని పై అధికారికి మొదటి అప్పీలు పెట్టుకోవచ్చు, దానికి విడిగా ఫీజు లేదు.